97 నిజమే, 28 ఝూట్



మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఛోటీ బెహన్ ఫోన్ చేసింది. గొంతులోనే పరేషానీ తెలుస్తోంది. "భయ్యా, పాప ల్యాప్‌టాప్ ఖతమంట. ప్రాసెసర్ కాలిపోయే హాలత్‌లో ఉందంట. 97 డిగ్రీల బుఖార్ ఉందంట దానికి."

ఆ మాట ఫోన్‌లో వినబడుతుండగానే వెనకనుంచి మా అమ్మీ గొంతు: "97 అయితే బుఖార్ ఎక్కడిదే? 98 దాటితే కదా గోలీ వేసేది!"

నేను నవ్వాను. మా బెహన్ నవ్వలేదు. మగర్ ఆ పూట అందరికంటే అసల్ బాత్ అన్నది అమ్మీయే అని నాకు తర్వాత అర్థమైంది. ఏ కొలతలో 97? ఎక్కడ కొలిస్తే 97? ఎంతకి ఎంత? ఇవి చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడం సగం గవాహీ. సగం గవాహీ మీద ఇంటింటా ఫైసలాలు అయిపోతున్నాయి. ఈ రోజు నా ఫిర్యాదు దాని మీదే.

ముందు కిస్సా చెప్తాను. నా భాంజీ బీటెక్ మూడో సంవత్సరం. రాత్రుళ్లు ప్రాజెక్టు పని. ల్యాప్‌టాప్ నెమ్మదించింది, ఫ్యాను ఆగకుండా మోత. మా ఊళ్లోనే ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోయారు. ఆయన తెర మీద 97 చూపించి, 1,200 తీసుకుని 'సర్వీసింగ్' చేసి, మళ్లీ తెర మీద 28 చూపించాడు. "ఇప్పటికి చల్లబడింది, లేకిన్ ఎన్నాళ్లో ఉండదు. ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి బోర్డు మొత్తం మార్చాలి, 14,000 అవుతుంది" అన్నాడు. మా బెహన్ చీటీ ఎత్తిన డబ్బు తీసి పక్కన పెట్టింది. మా బహనోయి అయితే పాప మీద విరుచుకుపడ్డాడు. "మంచం మీద పెట్టుకుని రాత్రంతా నడిపింది, కాల్చి పారేసింది" అని. రాత్రి పది దాటితే ల్యాప్‌టాప్ బంద్ అని ఇంట్లో కొత్త కానూన్ కూడా వచ్చింది. పాప మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఆదివారం నేను వెళ్లాను. వాళ్లింట్లో గోడ గడియారంలో గది వేడి చూపించే చిన్న గడి ఒకటి ఉంది. కర్నూలు మే నెల, మిట్టమధ్యాహ్నం, గదిలో 38. ల్యాప్‌టాప్ తెరిచి దుకాణం వాళ్లు వేసిచ్చిన ప్రోగ్రాం చూశాను. 27.8 చూపిస్తోంది.

"బేటీ, ఈ గదిలో 38 ఉంది. ఇది 28 అంటోంది. నీకేమనిపిస్తోంది?"

పాప ఒక్క క్షణం ఆలోచించింది. "మామూ, గది గాలితోనే కదా అది చల్లబడేది? గది కంటే చల్లగా ఎట్లా అవుతుంది?"

షాబాష్ అన్నాను. ఫ్యాను ఎంత తిరిగినా గది గాలినే లోపలికి తోస్తుంది. నడుస్తున్న ప్రాసెసర్ గది కంటే వేడిగానే ఉండాలి, చల్లగా ఉండే సవాలే లేదు. ఒక పెద్ద వీడియోను వేరే రూపంలోకి మార్చే పని పెట్టాం. ఫ్యాను అరుస్తోంది, అడుగు భాగం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ప్రోగ్రాంలో మాత్రం 27.8. పది నిమిషాల తర్వాతా 27.8. మనిషైతే ఇంత జిద్దుగా అబద్ధం చెప్పలేడు.

ఈ 27.8 ఎక్కడిదో నాకు తెలుసు, ఎందుకంటే ఇది నాకు పాత దుష్మన్. విండోస్‌లో 'థర్మల్ జోన్' అని ఒక ఖానా ఉంటుంది. అందులో ఏం పెట్టాలన్నది బోర్డు తయారుచేసినవాళ్ల ఇష్టం. ప్రాసెసర్ వేడే పెట్టాలని లేదు. అక్కడ అంకె కెల్విన్‌లో పదో వంతుల్లెక్కన ఉంటుంది. 3010 అని ఉందనుకోండి, అంటే 301.0 కెల్విన్, అందులోంచి 273.15 తీసేస్తే 27.85. చూశారా, 3010 ఎంత గుండ్రటి అంకెనో! అది కొలిచింది కాదు, ఎవరో రాసి వదిలేసింది. చాలా కంప్యూటర్లలో అది పుట్టినప్పటినుంచీ అదే. అయినా ఆ ఖానాను అడిగి, 'సీపీయూ టెంపరేచర్' అని పెద్ద అక్షరాల్లో పేరు పెట్టి చూపించే ప్రోగ్రాంలు ఎన్నో ఉన్నాయి. దుకాణం ఆయన జాన్‌బూఝ్‌కర్ చేశాడో, ఆయన్ని కూడా ఆ ప్రోగ్రాం మోసం చేసిందో నేను చెప్పలేను. ఆయన మీద ఇల్జామ్ వేయడం నా మక్సద్ కాదు. నా కోపం ఆ అంకెకు ఆ పేరు పెట్టినవాళ్ల మీద.

ఇక 97 సంగతి. అది నిజమే. నిజమైన అంకెతో తప్పుడు మాట ఎట్లా చెప్పొచ్చో చూడాలంటే, అది ఎట్లా పుడుతుందో తెలియాలి.

ప్రాసెసర్ లోపల పాదరసం ఉండదు. సిలికాన్‌లోనే చిన్న చిన్న జంక్షన్లు ఉంటాయి. వాటిలో కొద్దిగా కరెంటు పంపిస్తే వాటి మీద పడే వోల్టేజి, వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు. ఆ చిన్న తేడాను కొలిచి అంకెగా మారుస్తారు. ఇంతవరకు సీదా సాదా. మగర్ ఇంటెల్ వాళ్లు 2006 నుంచి కోర్ ప్రాసెసర్లలో పెట్టిన సెన్సార్ "నేను 97 డిగ్రీలు ఉన్నాను" అని చెప్పదు. "నేను హద్దుకు ఇంకా 3 కింద ఉన్నాను" అని చెప్తుంది. ఏడు బిట్ల చిన్న అంకె అది, హద్దునుంచి దూరం. సున్నా అయితే హద్దు తాకినట్టు.

కర్నూలు వాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. అది సముద్ర మట్టం నుంచి లెక్క. 2009 అక్టోబరులో వరద నీళ్లు ఇళ్లలోకి వచ్చిన రాత్రి మనలో ఎవరైనా సముద్రం నుంచి ఎన్ని అడుగులని అడిగామా? నీళ్లు ఇంకా ఎంత దూరంలో ఉన్నాయనే అడిగాం. ప్రాసెసర్ మాట్లాడేది కూడా ఆ భాషే. ఆ దూరాన్ని హద్దు అంకెలోంచి తీసేసి 'ఇన్ని డిగ్రీలు' అని మనకు చెప్పేది ప్రోగ్రాం. 100లోంచి 3 పోతే 97. హద్దును టీజే మాక్స్ అంటారు.

ఇప్పుడు ఆలోచించండి, ఆ ప్రోగ్రాంకు హద్దే తప్పుగా తెలిస్తే? ఈ తమాషా నేను కళ్లారా చూశాను. 2007, 2008 ప్రాంతంలో నేను ఒక కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. కోర్ 2 ప్రాసెసర్లు కొత్తగా వచ్చిన రోజులు. ఒకే మెషీన్ మీద రెండు ప్రోగ్రాంలు నడిపితే ఒకటి చెప్పిన దానికీ ఇంకొకటి చెప్పిన దానికీ పది డిగ్రీల ఫరక్. రెంటికీ సెన్సార్ ఇచ్చిన జవాబు ఒకటే. డెస్క్‌టాప్ ప్రాసెసర్ల హద్దు ఎంతో ఇంటెల్ అప్పటికి బయట పెట్టలేదు కాబట్టి, ప్రోగ్రాం రాసినవాళ్లు ఎవరి అందాజా వాళ్లు వేసుకున్నారు. లోకమంతా మాది చల్లగా ఉంది, మాది వేడిగా ఉంది అని బహస్ చేసుకుంటోంది. బహసంతా అందాజాల మధ్య. చివరికి 2008లో ఇంటెల్ ఆ అంకెలు వెల్లడించింది. ఆ ఏడాది చివర వచ్చిన కోర్ ఐ7 నుంచి హద్దును కూడా ప్రాసెసర్‌నే అడిగి తెలుసుకునే వీలు పెట్టింది. ముందే పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకో హకీకత్ కూడా ఉంది. దీని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. ఈ సెన్సార్ హద్దు దగ్గర ఉన్నప్పుడే ఎక్కువ ఖరాగా చెప్తుంది. హద్దుకు దూరంగా, 40లోనో 35లోనో ఉన్నప్పుడు కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అవడం మామూలే. ఆ పాత కోర్ 2లలో కొన్నయితే కిందికి పోయేకొద్దీ ఒక అంకె దగ్గర ఇరుక్కుని ఇక కదిలేవి కావు. ఎందుకంటే దాన్ని పెట్టింది సమయానికి బ్రేకు వేయడానికి. జ్వరం చూసే గాజు గొట్టం పని దానిది కాదు. కాబట్టి 'నాది ఖాళీగా ఉంటే 41, నా దోస్త్‌ది 46, నా ల్యాప్‌టాప్ ఖరాబ్ అయిందా?' అని అడిగే పిల్లలకు నా జవాబు: ఆ ఫికర్ వదిలేయండి, ఆ ఐదు డిగ్రీలు ఉన్నాయో లేవో కూడా యకీన్‌గా చెప్పలేం.

దీని మీద ఇంకో వింత. లినక్స్‌లో ఈ వేడి డిగ్రీలో వెయ్యో వంతు లెక్కన రాసి ఉంటుంది. 46 డిగ్రీలు అంటే 46000. ఏఎండీ ప్రాసెసర్లలో 0.125 చొప్పున మెట్లు మెట్లుగా కదులుతుంది, 46.125, 46.25 అని. చూసినవాళ్లు ఎంత బారీక్‌గా కొలుస్తోందో అనుకుంటారు. కూరగాయల తరాజులో తూచి రత్తీల్లో బరువు చెప్పినట్టు ఉంటుంది అది.

ఏఎండీ పేరు వచ్చింది కాబట్టి వాళ్ల కిస్సా కూడా చెప్పాలి. 2017 మార్చిలో రైజెన్ ప్రాసెసర్లు వచ్చాయి. 1700ఎక్స్, 1800ఎక్స్ కొన్నవాళ్లు వేడి చూసి గాభరాపడ్డారు. అంత మంచి కూలర్ పెట్టినా ఇంత వేడేమిటి అని. తర్వాత కంపెనీయే చెప్పింది: ఆ రెండింటిలో చూపించే అంకెకు 20 కలిపి ఉంది, అసలు వేడి కావాలంటే 20 తీసేయండి అని. అదే వరసలోని మామూలు 1700లో ఏమీ కలపలేదు. కారణం ఏమిటంటే, అన్ని ప్రాసెసర్లకూ ఫ్యాను ఒకే పద్ధతిలో తిరగాలని. తర్వాతి 2700ఎక్స్‌లో 10, మొదటి థ్రెడ్‌రిప్పర్లలో 27. లినక్స్ డ్రైవర్‌లో ఈ తీసివేతలకు ప్రత్యేకంగా ఒక పట్టికే రాసుకోవాల్సి వచ్చింది.

ఏఎండీ వాళ్లు తమ సాంకేతిక కితాబుల్లో అంతకు చాలా ఏళ్ల ముందునుంచే, ఫెనామ్ కాలంనుంచే, ఈ అంకె అసలు భౌతికమైన వేడి కాదనీ, చల్లబరచడం ఎంత అవసరమో చెప్పే కొలబద్ద మాత్రమేననీ సాఫ్‌గా రాశారు. రాయడం వరకు ఇమాందారీయే. ఫ్యానుకు ఏ అంకె ఇచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఫ్యాను భయపడదు. మగర్ అదే అంకెకు డిగ్రీ గుర్తు తగిలించి, కొన్న మనిషి తెర మీదికి పంపితే అతను దాన్ని వేడి అనుకోడా? వేల పేజీల కితాబు మూల ఒక వాక్యం రాశాం కదా అంటే అది జవాబ్దారీ అనిపించుకోదు.

ఎక్కడ కొలిచారన్నది ఇంకో సవాల్. పూర్వం మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కింద సాకెట్ మధ్యలో ఒక చిన్న సెన్సార్ ఉండేది. దేగ్‌లో బిర్యానీ ఎంత ఉడికిందో దేగ్ కింది ఇటుకను ముట్టి చెప్పినట్టు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ ఒక వీడియో పెట్టింది, అప్పట్లో కంప్యూటర్ పని చేసేవాళ్లంతా చూశారు. నడుస్తున్న కంప్యూటర్లలో ప్రాసెసర్ మీది హీట్‌సింక్ పీకేశారు. పెంటియం 4 తనంతట తాను నెమ్మదించి బతికింది. అథ్లాన్ పొగ వదిలి మాడిపోయింది. పెంటియం 4 తన వేడిని లోపలే పసిగట్టి తానే వేగం తగ్గించుకుంది. అథ్లాన్‌కు ఆ అవకాశం లేకపోయింది. బయటి ఇటుకకు వేడి తగిలేసరికి లోపల ఖేల్ ఖతం. కాబట్టి వేడి అంటే మజాక్ అని నేననడం లేదు.

ఇప్పటి చిప్పుల్లో చాలా సెన్సార్లుంటాయి. మన బొటనవేలి గోరంత జాగాలోనే ఒక మూలకూ ఇంకో మూలకూ ఎన్నో డిగ్రీల ఫరక్ ఉంటుంది. అన్నిటిలోకీ వేడిదాన్ని చూపిస్తే అంకె పెరుగుతుంది, ఒక అంచుది చూపిస్తే తగ్గుతుంది. 2019లో వచ్చిన రేడియాన్ సెవెన్ గ్రాఫిక్స్ కార్డులో 64 సెన్సార్లు పెట్టి, అంచు వేడిని ఒకటిగా, అన్నిటికంటే వేడి చోటును ఇంకొకటిగా రెండు అంకెలూ విడివిడిగా ఇచ్చారు. జనం మొదట కంగారుపడ్డారు గానీ, నాకైతే అదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

ఇంకో మాట చెప్పి మళ్లీ మా ఇంటికి వస్తాను. కొలిచే ప్రోగ్రాంలు కూడా వేడి పుట్టిస్తాయి. నిద్రపోతున్న కోర్లను క్షణానికి ఎన్నోసార్లు లేపి "నీకు వేడి ఎంత?" అని అడిగితే, లేచినందుకే అవి వేడెక్కుతాయి. 2019 జులైలో కొత్త రైజెన్‌లు ఖాళీగా ఉన్నా వేడిగా ఉన్నాయని గోల వస్తే, ఏఎండీ చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. నిద్రపోతున్న బచ్చాను లేపి నిద్రపట్టిందా అని అడగడం ఇదే.

ఖైర్. భాంజీ ల్యాప్‌టాప్‌లో హద్దు 100. మేం సరైన ప్రోగ్రాం వేసి చూస్తే వీడియో పని మీద 97, 98 మధ్య తిరుగుతోంది. పలచటి ల్యాప్‌టాప్ మీద బరువైన పని పెడితే హద్దు దగ్గరికి పోవడం కొత్త కాదు. అందుకే ఆ హద్దు పెట్టింది. హద్దు తాకితే ప్రాసెసర్ తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ లాభం లేక ఇంకా పైకి పోతే కంప్యూటరే ఆరిపోతుంది. కాబట్టి 97 అంటే కాలిపోతోందని కాదు. మగర్ అంతా ఖుషీ అని కూడా కాదు. ప్రాసెసర్‌లో ఇంకో గుర్తు ఉంటుంది: హద్దు తాకానా లేదా అని. ఒకసారి తాకితే, ఎవరైనా తుడిచేదాకా, లేదంటే కంప్యూటర్ ఆపి వేసేదాకా ఆ గుర్తు అట్లాగే నిలబడి ఉంటుంది. భాంజీ దాంట్లో ఆ గుర్తు పడి ఉంది, వేగం కూడా పడిపోయి ఉంది. అంటే ప్రాసెసర్ సలామత్, చల్లబరిచే ఏర్పాటు బీమార్.

వెనక మూత విప్పాం. 1,200 తీసుకుని చేసిన సర్వీసింగ్‌లో పైపైన గాలి కొట్టినట్టుంది. ఫ్యాను నుంచి గాలి బయటికి పోయే సన్నటి రేకుల మధ్య దుమ్ము నమ్దాలాగా పేరుకుపోయి ఉంది. పరుపు మీది దూది పోగులు కూడా కనిపించాయి, ఆ మాటకు మా బహనోయిది పూర్తి తప్పు కాదు. పాప తలవంచుకుని ఒప్పుకుంది. దుమ్ము తీసి, ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాశాం. నా ఖర్చు పేస్టు గొట్టం ఒక్కటే. అదే గది, అదే వీడియో, అదే 38. ఈసారి 84 దగ్గర నిలబడింది, వేగం పడలేదు, గుర్తు పడలేదు.

ఇప్పుడు నాతో బహస్ చేసేవాళ్లు ఉన్నారు. "భాయ్, మామూలు జనానికి ఇన్ని వివరాలెందుకు? ఒక్క అంకె చాలు, పచ్చగా ఉంటే మంచిది, ఎర్రగా ఉంటే చెడ్డది" అంటారు. ఒక్క అంకె చాలంటే నాకూ ఖుషీయే. అయితే ఆ ఒక్కటీ హద్దుకు ఉన్న దూరం కావాలి. సెన్సార్ స్వయంగా చెప్పే మాట అదే కాబట్టి, మధ్యలో ఎవరి అందాజా కలవదు. 'ఇంకా 16 ఉంది' అంటే మా అమ్మీకి కూడా తెలుస్తుంది. దాని పక్కన 'హద్దు తాకింది', 'తాకలేదు' అని రెండు ముక్కలు. కొన్ని మంచి ప్రోగ్రాంలు ఈ రెండూ చూపిస్తాయి, కాకపోతే మూలన, చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది అవే అని నా వాదన.

దుకాణాలవాళ్లను నేను కోరేది కూడా పెద్దదేమీ కాదు. బోర్డు మార్చాలని 14,000 అడిగేటప్పుడు బిల్లు వెనక నాలుగు ముక్కలు రాయండి. గదిలో ఎంత ఉంది, ఏ పని పెట్టి చూశారు, హద్దుకు ఎంత దూరంలో ఉంది, వేగం పడిందా లేదా. బాగుచేశాక అదే పని పెట్టి మళ్లీ అవే నాలుగు. మన దర్జీ మియా కూడా కొలతలు రాసి ఇస్తాడు, మనం తీసుకుంటాం. ఈ దుకాణాలు నడిపే కుర్రాళ్లలో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లకు ఈ నాలుగు ముక్కలు రాసే ఆదత్ చేయించడం కష్టం కాదు. వెళ్లేవాళ్లం మనం అడిగితే చాలు.

సాయంత్రం మా బహనోయి వచ్చాడు. పాప తనే మళ్లీ వీడియో నడిపించి, గోడ గడియారం చూపించి, 27.8 ఎందుకు అబద్ధమో ఆయనకు విడమరిచి చెప్పింది. ఆయన విన్నాడు. మాఫీ అనే మాట ఆయన నోట రాలేదు గానీ, మర్నాడు ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి ఒక చెక్క పీట చేయించి తెచ్చాడట. పది గంటల కానూన్ ఇంకా ఉంది, దాని మీద మాట్లాడుతున్నాం.

చీటీ డబ్బు అల్మారాలోకి పోయింది. నేను బయలుదేరుతుంటే అమ్మీ అడిగింది, "ఇంతకీ బుఖార్ తగ్గిందా లేదా?"

"16 దూరంలో ఉంది నానీ" అంది పాప.

"అచ్ఛా" అని అమ్మీ చాయ్ పెట్టడానికి లేచింది.